విందు అంటే కిటికీ, భోజనం కాదు: నార్వేలోని తెలుగు సంఘాలకి ఒక బహిరంగ లేఖ

నార్వేలో ఉన్న మన తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకి, వీకెండ్ తెలుగు బడిలో పిల్లలతో ఓపిగ్గా వేగుతున్న అక్కలకి, అన్నయ్యలకి నమస్కారం.

విషయం సూటిగా చెప్పేస్తా. ఉగాది ప్రోగ్రాంలో పంచాంగ శ్రవణానికీ పులిహోరకీ మధ్యలో "తెలుగు నుంచి నార్వేజియన్‌లోకి వెళ్ళిన మాటలు" అని ఒక ప్రెజెంటేషన్ వేశారు కదా, అందులో మొదటి స్లైడే విందు. నార్వేజియన్‌లో కిటికీని విందు అంటారు, మనకేమో విందు అంటే భోజనం, పూర్వం ఇంటికొచ్చిన అతిథులకి కిటికీలోంచి భోజనం అందించేవాళ్ళు కాబట్టి ఆ పేరు వచ్చింది, దాన్నించే ఇంగ్లిష్‌లో విండో పుట్టింది, కాబట్టి ఇంగ్లిష్‌కి కూడా తెలుగే అమ్మమ్మ అని తేల్చేశారు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ స్లైడ్ ఫోటో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగొచ్చి ఇప్పుడు తెలుగు బడి వర్క్‌షీట్‌లో కూడా ఎక్కింది. నా అభ్యంతరం అక్కడే. పెద్దవాళ్ళం సరదాకి ఏదైనా అనుకుంటాం, కానీ పిల్లలు దీన్ని తీసుకెళ్ళి స్కూల్లో టీచర్‌కి చెప్తున్నారు, టీచర్ ఏమో మర్యాదగా నవ్వి డిక్షనరీ తీసి చూపిస్తోంది, ఆ పిల్ల ఇంటికొచ్చి "తెలుగు బడిలో చెప్పేవన్నీ ఇలాగే ఉంటాయా" అని అడుగుతోంది. దీనికి ఏం చెప్పాలో మీరే చెప్పండి.

పైగా బాధేంటంటే ఆ మాట వెనకున్న అసలు కథ మీ స్లైడ్ కన్నా వెయ్యి రెట్లు బాగుంటుంది, అందులో మన దేశానికి నిజమైన చుట్టరికం కూడా ఉంది, అది వదిలేసి లేనిదాన్ని పట్టుకున్నాం.

నార్వేజియన్ విందు అనేది ఒక్క మాట కాదు, రెండు మాటలు కలిసి అరిగిపోయిన సమాసం. వెయ్యేళ్ళ కిందటి పాత నార్స్ భాషలో అది విందౌగ. విందర్ అంటే గాలి, ఔగ అంటే కన్ను. గాలికన్ను. నార్వేజియన్ రాసే పద్ధతులు రెండు, ఎక్కువమంది వాడే బోక్‌మోల్, పల్లె యాసల మీద కట్టిన నీనోర్స్క్. నమ్మకం కలక్కపోతే బోక్‌మోల్ పక్కన పెట్టి నీనోర్స్క్ చూడండి, అందులో ఇప్పటికీ కిటికీ అంటే విందౌగె, కన్ను అంటే ఔగె, గాలి అంటే వింద్, అతుకు ఎక్కడుందో కళ్ళ ముందే కనిపిస్తుంది. పశ్చిమాన బెర్గెన్ చుట్టుపక్కల పల్లె జిల్లాల్లో ఉండే మనవాళ్ళ పిల్లలు చాలామంది స్కూల్లో నీనోర్స్క్‌లోనే చదువుకుంటున్నారు కాబట్టి వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు కూడా, మీ స్లైడ్ చూసి వాళ్ళే నవ్వుకుని ఉంటారు.

మరి బోక్‌మోల్‌లో కన్ను ఏమైపోయింది? పోలేదు, చివర ఉన్న ఆ "ఉ" ఒక్కటే మిగిలింది. ఇది డెన్మార్క్ పుణ్యం. 1380 నుంచి 1814 దాకా నార్వే, డెన్మార్క్ ఒకే రాజు కింద ఉన్నాయి, ఆ కాలంలో నార్వేలో రాతకోతలన్నీ మెల్లగా డేనిష్‌లోకి మారిపోయాయి, డేనిష్‌లో ఆ మాట నోట్లో నలిగి నలిగి విందుఎ అయ్యింది. ఔగ లోని "ఔ" నలిగి "ఉ" అయ్యింది, "గ" పోయింది. విడిగా వాడే కన్ను మాత్రం వేరే దారిలో మారి ఇప్పుడు బోక్‌మోల్‌లో ఓయె అయ్యింది. దాంతో ఓయె కీ విందు కీ పోలికే లేకుండా పోయింది. ఇంకో తమాషా ఏంటంటే గాలి అని చెప్పేటప్పుడు ఇక్కడివాళ్ళు చివరి ద పలకరు, విన్న్ అనే అంటారు, విందులో మాత్రం ద గట్టిగా వినిపిస్తుంది. అంటే సగటు నార్వేజియన్ చెవికి గాలీ వినబడదు, కన్నూ వినబడదు. గవాక్షం అంటే అసలు ఆవు కన్ను, అయినా మనలో చాలామందికి ఆ మాట అనగానే ఆవు గుర్తురాదు కదా, అంతే.

ఇంకో సాక్ష్యం వ్యాకరణంలో ఉంది, నాకైతే ఇదే అన్నిటికన్నా నచ్చుతుంది. కొత్తగా వచ్చిన మనందరి ప్రాణం తీసేవి, మాట లింగాన్ని బట్టి ముందు పెట్టే ఆ ఎన్, ఎయి, ఎత్ కదా. నార్వేజియన్ సమాసంలో లింగం ఎప్పుడూ చివరి మాటదే, మొదట ఏముందన్నది లెక్కలోకి రాదు. గాలి పుంలింగం, ఎన్ వింద్. కన్ను నపుంసకం, ఎత్ ఓయె. మరి కిటికీ? ఎత్ విందు, విందుఎత్. కన్ను అరిగిపోయి ఒక్క అచ్చు మిగిలినా దాని లింగం మాత్రం ఇప్పటికీ పట్టుకునే ఉంది. మన తెలుగు విందు నుంచే వచ్చుంటే ఈ ఎత్ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

ఈ చివరి మాట రూలు పిల్లలకి నేర్పితే సగం నార్వేజియన్ వచ్చేసినట్టే, తోకనుంచి వెనక్కి చదవమని చెప్పండి చాలు. విడగొట్టి రాస్తే ఏమవుతుందో కూడా చెప్పొచ్చు, లమ్మెలోర్ కలిపి రాస్తే గొర్రెపిల్ల తొడ మాంసం, లమ్మె లోర్ అని విడదీస్తే పక్షవాతం వచ్చిన తొడలు. సూపర్‌మార్కెట్ బోర్డుల మీద ఇలాంటివి పట్టుకుని నవ్వుకోవడం ఇక్కడ జాతీయ కాలక్షేపం.

సరే, గాలికి కన్నేంటి అని అడగొచ్చు. ఇక్కడ కన్ను అంటే బెజ్జం. సూది బెజ్జాన్ని నార్వేజియన్‌లో నోల్‌ఓయె అంటారు, సూది కన్ను అని. మనకి ఇది అర్థం కావడానికి కష్టపడక్కర్లేదండి, కొబ్బరికాయకి కళ్ళుంటాయి, చెరకు గడకి కళ్ళుంటాయి, అంతెందుకు, దొంగలు గోడకి వేసే కన్నం కూడా ఈ కన్ను లోంచి వచ్చిందే. అదృష్టం ఏంటంటే పిల్లలకి ఈ తెలుగు మాటలు చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. చెరకు కన్ను అన్న మాట ఓస్లోలో పుట్టిన పిల్లకి ఇంకెప్పుడు చెప్తాం?

అప్పటి ఇళ్ళు ఎలా ఉండేవో కూడా చూడాలి. ఇప్పుడు నార్వేజియన్ ఇల్లు అనగానే మూడు పొరల అద్దం ఉన్న పెద్ద కిటికీ, దాని అంచున దీపం, కర్టెన్ లేకుండా లోపల ఏం జరుగుతోందో రోడ్డు మీదకి కనబడ్డం, ఇవే గుర్తొస్తాయి. పాత రోజుల్లో అలా కాదు. దుంగలతో కట్టిన ఒకే గది, మధ్యలో నేల మీద పొయ్యి, చిమ్నీ లేదు, పొగ పైకప్పులో ఉన్న బెజ్జంలోంచి పోవాలి, వెలుతురు కూడా అందులోంచే రావాలి. ఆ పైకప్పు బెజ్జాన్ని యూరె అంటారు, వెలుగు అన్న మాటకి దగ్గరిది. చలికి మూసుకోవాలంటే ఒక చెక్క ఫ్రేముకి జంతువు పొట్ట పొర బిగించి, పొడవాటి కర్రతో పైకి ఎత్తి దింపేవాళ్ళు. ఆ పొరలోంచి బయట ఏముందో కనిపించదు, మసక వెలుతురు వస్తుందంతే. గోడలకి ఉంటే గింటే చిన్న చిన్న తూట్లు. స్టేవ్ చర్చిల్లో, అంటే మధ్యయుగం నాటి చెక్క చర్చిల్లో పైన, చూరు దగ్గర గుండ్రటి తూట్లు ఉంటాయి చూడండి, అలాంటివన్నమాట. వాటిని గ్లుగ్గె అంటారు, ఐస్‌లాండ్‌లో ఇప్పటికీ కిటికీకి గ్లుగ్గి అనే పేరు. అద్దం పల్లెటూరి ఇళ్ళలోకి రావడం చాలా తర్వాతి మాట, అది వచ్చాక కొన్ని యాసల్లో కిటికీనే గ్లాస్ అనేశారు.

అంటే విందౌగ పుట్టిన రోజుల్లో దాంట్లోంచి బయటికి చూసేది ఏమీ లేదు, గాలి వచ్చిపోవడమే దాని పని. మీ స్లైడ్‌లో ఉన్నట్టు ఆ తూట్లోంచి భోజనాల పళ్ళేలు అందించాలంటే ఒక్కో చేప చొప్పున తోయాలి. ఇదంతా పుస్తకంలో చదవక్కర్లేదు, ఓస్లోలోనే బిగ్డోయ్‌లో నోర్స్క్ ఫోల్కేమ్యూజియం ఉంది, 1894లో పెట్టింది, దేశం నలుమూలల నుంచి విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన పాత ఇళ్ళు వందకి పైగా ఉన్నాయి. నూమెదాల్ లోయ నుంచి తెచ్చిన మధ్యయుగం నాటి రౌలాన్ ఇల్లు అక్కడే ఉంది, అలాంటి ఇంట్లోకి తల వంచి దూరి, చీకట్లో నుంచుని పైకి చూస్తే యూరె అంటే ఏంటో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. పక్కనే గోల్ స్టేవ్ చర్చి. తెలుగు బడి పిక్నిక్ ప్రతిసారీ అదే లేక్ దగ్గరెందుకు, ఒకసారి ఇక్కడ పెట్టండి.

ఇక ఇంగ్లిష్ సంగతి. విండో నార్స్ నుంచే వచ్చిందని మీరు చెప్పిన ఒక్క ముక్క మాత్రం కరెక్టే. వైకింగులు ఇంగ్లండ్ తూర్పు, ఉత్తర భాగాల్లో స్థిరపడ్డారు, వాళ్ళ మాటలు వందల్లో ఇంగ్లిష్‌లో కలిసిపోయాయి, అందులో ఇదొకటి, 13వ శతాబ్దం నాటికి రాతలో కనిపిస్తోంది. అంతకుముందు ఇంగ్లిష్ వాళ్ళకి సొంత మాట ఉండేది, ఏగ్‌థురెల్, అంటే కంటి తూటు. ఆ థురెల్ ఇంకా బతికే ఉంది, నాస్ట్రిల్ అన్న మాటలో చివరి సగం అదే, ముక్కు తూటు. గోతిక్ భాషలో కిటికీ అంటే ఔగదౌరో, కంటి తలుపు. రష్యన్‌లో ఓక్నో, అది కూడా కన్ను అనే పాత మాట ఓకో నుంచే. స్పానిష్‌లో వెంతానా, గాలి లోంచి. స్వీడిష్, జర్మన్ వాళ్ళు మాత్రం సొంతవి వదిలేసి లాటిన్ ఫెనెస్త్రా తెచ్చుకున్నారు.

ఇప్పుడు మన దక్షిణాదికి వస్తే, పాత తమిళ కావ్యం చిలప్పదికారంలో పుహార్ నగరం మేడల్ని చెప్పేచోట కిటికీకి కాలదర్ అనే మాట ఉంది. కాల్ అంటే గాలి, అదర్ అంటే దారి. గాలిదారి. దానికి ముందు విశేషణం ఏంటో తెలుసా, మాన్‌కణ్, జింక కన్ను. జింక కళ్ళలాంటి గాలిదారులు ఉన్న మేడలు. గాలీ కన్నూ రెండూ ఒక్కచోటే ఉన్నాయి చూశారా. తమిళానికీ నార్స్‌కీ చుట్టరికం లేదు, ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు అప్పు తెచ్చుకోనూ లేదు. గోడకి తూటు పెడితే గాలి వస్తుంది, దూరం నుంచి చూస్తే కన్నులా ఉంటుంది, ఏ ఊళ్ళో ఉన్న మనిషికైనా ఆ రెండే తోస్తాయి. కాబట్టి ఊహ ఒకటే అయినంత మాత్రాన బంధుత్వం ఉన్నట్టు కాదు, ధ్వని ఒకటే అయినంత మాత్రాన అసలే కాదు. మీ స్లైడ్‌లో ఉన్నవి దాదాపు అన్నీ ధ్వని కేసులే.

మరి నిజమైన చుట్టరికం ఉందన్నావు, ఎక్కడ అంటారా. ఉంది, కాకపోతే తెలుగుతో కాదు, సంస్కృతంతో. సంస్కృతంలో కిటికీకి ఉన్న మాటల్లో రెండు చూడండి. ఒకటి వాతాయనం, వాత అంటే గాలి, అయనం అంటే దారి. రెండోది గవాక్షం, గో అంటే ఆవు లేదా ఎద్దు, అక్షం అంటే కన్ను. నార్స్ విందర్, సంస్కృత వాత, లాటిన్ వెంతుస్ మూడూ "వీచేది" అనే ఒకే పాత మూలం నుంచి వచ్చినవి. నార్స్ ఔగ, సంస్కృత అక్షి, లాటిన్ ఓకులుస్, ఆ రష్యన్ ఓకో, ఇవి ఇంకో మూలం నుంచి. అంటే విందౌగలో మొదటి సగం వాతాయనంలో మొదటి సగానికి చుట్టం, రెండో సగం గవాక్షంలో రెండో సగానికి చుట్టం. ఏలూరు జిల్లా గుంటుపల్లి కొండ మీద బౌద్ధ చైత్యానికి ముందు గుర్రపు నాడాలా తొలిచిన కమాను ఉంటుంది, శిల్పశాస్త్రంలో ఆ ఆకారానికి పేరు గవాక్షమే. అక్కడి గవాక్షంలో ఉన్న అక్షం, మీ డ్రాయింగ్ రూం విందులో మిగిలిపోయిన ఆ "ఉ", దూరపు అన్నదమ్ములు. ఈ స్లైడ్ వేసి ఉంటే నేను నుంచుని ఈలేసేదాన్ని.

ఇది కూడా చెవికి తగిలినట్టుంది అని కలిపేసింది కాదండి, దీనికి రూల్సున్నాయి. డేనిష్ పండితుడు రాస్క్ 1818లో, జర్మన్ గ్రిమ్ 1822లో వీటిని వరసగా పెట్టి చూపించారు. సంస్కృతంలో మాట మొదట ప ఉంటే ఇక్కడ ఫ ఉంటుంది, పాదం అక్కడ, ఫోత్ ఇక్కడ. ద ఉంటే త, దంతం అక్కడ, తన్ ఇక్కడ, ద్వి అక్కడ, తూ ఇక్కడ. శ ఉంటే హ, శతం అక్కడ, హుంద్రె ఇక్కడ. భ ఉంటే బ, భరించడంలో ఉన్న భృ ధాతువుకి చుట్టం ఇక్కడి బార్న్, అంటే మోసి కన్నది, బిడ్డ. ద్వారానికి చుట్టం దోర్, ఇక్కడ త రావాలి కదా అని ఎవరైనా చురుకైన పిల్లాడు అడిగితే, అసలు పాత శబ్దం ధ, సంస్కృతంలోనే ఒత్తు పోయింది అని చెప్పండి. ఆఖరికి ఔగ కూడా పూర్తిగా బుద్ధిమంతురాలు కాదు, మొదటి అచ్చు "ఔ" రూలు ప్రకారం రాదు, చెవి అనే మాట పక్కనే ఉండి దాని ప్రభావం పడిందని పండితులు అంటారు, ఇప్పటికీ ఓయె, ఓరె అని కన్నూ చెవీ జంటగానే ఉన్నాయి. రూలు తప్పిన చోట కారణం వెతుకుతారు, అదే తేడా. విందుకీ విందుకీ మధ్య ఏ రూలుంది?

తెలుగు దగ్గర మాత్రం జాగ్రత్త. మన గాలి, మన కన్ను, మన కన్నం ద్రావిడం. వాతావరణం, ద్వారం, దంతం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి, కాబట్టి నార్వేజియన్‌తో వాటి చుట్టరికం అల్లుడి తరఫు బంధుత్వం లాంటిది. గాలి వీచడంలో ఉన్న వీచు చూసి "ఇదిగో వింద్" అని మళ్ళీ ఎవరూ గంతెయ్యకండి, అది కూడా ద్రావిడమే, తమిళంలోనూ ఉంది. ఇంక కిటికీ అనే మాట ఉత్తరాది భాషల ఖిడ్కీ నుంచి దిగింది, తమిళుల జన్నల్ పోర్చుగీసు వాళ్ళ దగ్గర్నుంచి. ఎవరి ఇంటి కిటికీ ఎవరిదో చెప్పడం అంత వీజీ కాదు.

పాపం మన విందుకి కూడా సొంత పుట్టుక ఉందండి, దాన్ని ఎవరూ అడగలేదు. తమిళంలో విరుందు, అంటే అతిథి, అతిథికి పెట్టే భోజనం, పాత వాడకంలో కొత్తదనం అని కూడా. అదే మాట మన దగ్గర విందు. కొత్తగా వచ్చిన మనిషి, ఆ మనిషి కోసం వండింది. కొత్త దేశానికి వచ్చి స్థిరపడ్డ మనకి ఇంతకన్నా చక్కని మాట ఏం కావాలి చెప్పండి, దాన్ని లాక్కెళ్ళి గోడకి తగిలించడం ఎందుకు?

తెలుగు గొప్పదనం నిరూపించడానికే ఇదంతా అంటే, దానికి నిజమైన సరుకు బోలెడు ఉంది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళం కన్నడాలతో కలిపి వేరే కుటుంబం అని మొట్టమొదట అచ్చులో చూపించింది 1816లో, మద్రాసులో, కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి మద్రాసు కలెక్టర్ ఎల్లిస్ రాసిన ముందుమాటలో. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ కన్నా నలభై ఏళ్ళ ముందు, తెలుగును పట్టుకునే ఆ వాదన నిలబెట్టారు. ఇందులో నార్వే వాళ్ళ వాటా కూడా ఉంది, ఇది మీలో ఎంతమందికి తెలుసో. భారతదేశ భాషల సర్వే సంపుటాల్లో ముండా, ద్రావిడ భాషల సంపుటం, 1906లో వచ్చింది, దాన్ని తయారు చేసింది స్తేన్ కోనో అనే నార్వే ఆయన. తెలుగు గురించి, గోండీ గురించి, కుయి గురించి కూర్చుని రాసిన నార్వేజియన్! అంతకుముందు బెర్గెన్‌లో 1800లో పుట్టిన క్రిస్టియన్ లాసెన్ జర్మనీలో బాన్ వెళ్ళి సంస్కృతం ప్రొఫెసర్ అయ్యాడు. విందు లాంటి మాటల పుట్టుక తేల్చిన పెద్ద నిఘంటువు ఫాల్క్, తోర్ప్ ఇద్దరూ కలిసి 1903 నుంచి 1906 దాకా క్రిస్టియానియాలో, అంటే మన ఓస్లోలోనే, తెచ్చారు, ఆ తోర్ప్ ఉద్యోగం ఏంటనుకున్నారు, సంస్కృతం ప్రొఫెసర్. మన వైపు భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు ధాతువుల మీద 1961లో వేసిన పుస్తకం ప్రపంచంలో ద్రావిడ భాషలు చదివే ప్రతివాడి బల్ల మీదా ఉంటుంది. వీళ్ళ ఫోటోలు పెట్టి నాలుగు స్లైడ్లు వేస్తే ఎవరు కాదంటారు?

పోలికలే కావాలంటే పోలికలు అని చెప్పి పెట్టండి, పుట్టుక అనకండి. ఉదాహరణకి ఇంకో సమాసం, లోర్దాగ్. శనివారం. మంగళ, బుధ, గురు, శుక్రవారాలకి నార్వేజియన్‌లో తీ, ఓదిన్, తోర్, ఫ్రిగ్ అనే దేవుళ్ళ పేర్లు, ఇవి రోమన్ గ్రహాల పేర్లకి బదులు తమ దేవుళ్ళని పెట్టుకున్నవి, మన వారాలు కూడా అదే గ్రహాల వరస, కాబట్టి గురువారం తోర్‌స్దాగ్ అవ్వడం యాదృచ్ఛికం కాదు. శనివారం దగ్గరకొచ్చేసరికి మాత్రం శని లేడు. పాత నార్స్‌లో అది లౌగర్‌దాగ్ర్, స్నానం రోజు. లౌగ్ అంటే స్నానం. వారానికోసారి ఒళ్ళు తోముకునే రోజన్నమాట, ఇంగ్లండ్‌కి వెళ్ళిన డేన్‌లు రోజూ తల దువ్వుకుని శనివారం శనివారం స్నానం చేసి ఇంగ్లిష్ ఆడవాళ్ళని బుట్టలో వేసుకుంటున్నారని 13వ శతాబ్దపు ఇంగ్లిష్ చరిత్ర ఒకటి ఏడ్చింది కూడా. ఇప్పుడు మన ఇళ్ళల్లో మగపిల్లలకి తలంటు ఏ రోజు? నువ్వులనూనె గిన్నె పట్టుకుని నాయనమ్మలు వెంటపడేది ఏ రోజు? రెంటికీ సంబంధం లేదు, ఎవరూ ఎవర్నీ చూసి నేర్చుకోలేదు. కానీ పిల్లలకి చెప్పి చూడండి, ఇక్కడ పిల్లలకి మిఠాయిల రోజు శనివారమే కాబట్టి లోర్దాగ్ అనగానే చాక్లెట్లు గుర్తొచ్చే వాళ్ళకి తలంటు కూడా గుర్తొస్తుంది, ఒక వారం పాటు మీ చుట్టూ తిరుగుతారు.

కాబట్టి నేను అడిగేవి ఇవి. వర్క్‌షీట్‌లోంచి విందు పేజీ తీసేయండి. దాని బదులు విందౌగె, గవాక్షం, వాతాయనం, కన్నం, చెరకు కన్ను ఉన్న పేజీ పెట్టండి, బొమ్మలకి పిల్లలనే రంగులు వెయ్యమనండి. స్లైడ్ చేసిన అన్నయ్యని ఎవరూ ఏమీ అనొద్దు, ఆయనకి భాష మీద ప్రేమ ఉంది కాబట్టే ఆదివారం కూర్చుని చేశాడు, వచ్చే ఏడాది కూడా ఆయన్నే చెయ్యమనండి, కాకపోతే ఏ మాటైనా వెయ్యబోయే ముందు బోక్‌మోల్, నీనోర్స్క్ నిఘంటువులు రెండూ ఆన్‌లైన్‌లో ఫ్రీగానే ఉన్నాయి కదా, మాట కొడితే పుట్టుక అక్కడే రెండు ముక్కల్లో ఉంటుంది, ఒకసారి చూడమనండి. అక్కడ తేలకపోతే స్ప్రోక్‌రోదె అని ప్రభుత్వ భాషా మండలి ఉంది, భాష గురించి మామూలు జనం అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పడం వాళ్ళ పనుల్లో ఒకటి. గ్రూపు అడ్మిన్లు ఆ ఫోటో మళ్ళీ తిరక్కుండా కింద ఒక్క లైన్ దిద్దుబాటు పెట్టినా చాలు.

ఎవరికీ టైం లేదంటే వర్క్‌షీట్ ఫైల్ నాకు పంపండి, నేనే మార్చి ఇస్తా. ఆగస్టులో బళ్ళు తెరిచేలోపు అయితే ప్రింట్‌కి ముందే పని అయిపోతుంది. బిగ్డోయ్ పిక్నిక్‌కి మాత్రం పులిహోర ఇంకెవరైనా చూసుకోవాలి, నేను పెరుగన్నం తెస్తా.

ఇట్లు,
ఏటా చందా కడుతూ ఏటా కంప్లయింటు కూడా ఇచ్చే మీ సభ్యురాలు
ఓస్లో